ప్రశ్న ఉంటేనే సూది

మా వీధి ల్యాబ్ సారు పోయారని, మూడు వారాల కింద నేను బడికి బయల్దేరుతుండగా మా ఆయన వచ్చి చెప్పాడు. కాఫీ తాగి, పేపరు మడిచిపెట్టి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్లిన మనిషి మళ్లీ లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు. డెబ్బై ఆరేళ్లు. నేను బ్యాగు కింద పెట్టి కూలబడ్డాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఆయనకూ నాకూ ఉన్నది ఒకటే జబ్బు, షుగర్. అంత తెలిసిన మనిషే పోతే ఇక నా గతేమిటి అనుకున్నాను. ఎప్పుడో తప్ప ముట్టని షుగర్ మిషన్ని బీరువాలోంచి తీసి, వేలు పొడుచుకున్నాను. బడికి వెళ్లలేదు.

ఆ పని చూసి ఉంటే సారు నన్ను తిట్టిపోసేవారు.

ఆయన తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. తిరుచానూరులో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. ఎవరు ఏ రిపోర్టు తెచ్చినా ముందు పేరు, తర్వాత తేదీ చదివి, ఆ తర్వాతే అంకెల జోలికి వెళ్లేవారు. ఒకరి రిపోర్టు చూసి ఇంకొకరు ఏడ్చిన సందర్భాలు తనకు తెలుసనేవారు. పొరపాటున డాక్టరు గారూ అని పిలిస్తే మాత్రం మొహం మాడ్చుకునేవారు.

నాకు షుగర్ ఉందని బడిలో పెట్టిన వైద్య శిబిరంలో బయటపడింది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఇన్సులిన్ అవసరం లేదన్నాడు. ఆ మాటకు నేను సంతోషించాల్సింది. కానీ చిత్తూరు నుంచి మా మరిది ప్రేమకొద్దీ ఒక మిషన్ కొనుక్కొచ్చి ఇచ్చాడు. అంతే, రోజుకు అయిదుసార్లు పొడుచుకోవడం మొదలుపెట్టాను. వేళ్లు సుద్దముక్క పట్టుకుంటేనే మండేవి. నంబరు తక్కువ వచ్చిన పూట ఇంట్లో అందరికీ పండగ, ఎక్కువ వచ్చిన పూట అందరికీ చీవాట్లు. మా ఆయన కాఫీ అడిగే ముందు నా వైపు కాదు, మిషన్ వైపు చూసేవాడు. అన్నం మానేశాను, పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. ఇంత చేసినా నంబరు తన ఇష్టం వచ్చినట్టు తను ఆడేది.

ఒకరోజు సాయంత్రం మా బడిలో పనిచేసే టీచరు తిరుమల నుంచి లడ్డూ తెచ్చి ఇచ్చింది. దాన్ని చిదిమి చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ పంచి, నేను మాత్రం ఒక్క పలుకు కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాను. గంట తర్వాత వేలు పొడుచుకుంటే మూడు వందల నలభై రెండు వచ్చింది. ఒక్క పలుకుకే ఇంతా అనుకున్నాను. రాత్రి వేసుకోవాల్సిన మాత్రకు తోడు ఇంకో రెండు అరచేతిలో పోసుకున్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, సారు కోసం పరుగెత్తాడు.

చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వచ్చారాయన. నా మొహం చూడలేదు, మిషన్ చూడలేదు. నా వేలు పట్టుకుని వాసన చూశారు.

"చెయ్యి కడుక్కున్నావా, టీచరమ్మా?"

"ప్రసాదం పట్టిన చెయ్యి ఎట్ల కడుగుతాను సార్? తలకు తుడుచుకున్నా."

మా ఇళ్లలో అంతే. ప్రసాదం తిన్న చెయ్యి కడిగితే మహాపరాధం. ఆయనకూ ఆ సంగతి తెలుసు, ఆయనదీ అదే ఊరు.

"స్వామి ప్రసాదమే, కాదన్లేదు. ఆ సంగతి మిషన్‌కి తెలీదు గదమ్మా. ఏలికున్న చక్కెర గూడా నీ రక్తంలోదే అనుకోని చెప్పేసిండాది. పోయి సబ్బుతో కడిగి, బాగా తుడుచుకోని రా."

కడిగి వచ్చాను. తడి ఆరనిచ్చి ఆయనే ఇంకో వేలు పొడిచారు. నూట యాభై ఆరు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నా అరచేతిలోని మాత్రలు తీసుకుని డబ్బాలో వేస్తూ, అవి మింగి ఉంటే ఏమయ్యేదో తెలుసా అని మెల్లగా అడిగారు. తర్వాత ఒక మాట చెప్పారు.

"ప్రశ్న ఉంటేనే సూది. ఊరికే పొడుచుకుంటే ఏలు నొస్తాది గానీ జవాబు రాదు."

తాను ల్యాబువాణ్ణి మాత్రమేనని, నన్ను డాక్టరు దగ్గరికి వెళ్లి అడగమన్నారు. అడిగాను. నేను వాడే మాత్రలకు రోజూ చూసుకోనక్కర్లేదని, మూడు నెలలకోసారి ల్యాబు పరీక్ష చాలని, కళ్లు తిరిగినా, జ్వరం వచ్చినా, మాత్ర మార్చినా అప్పుడు చూసుకోమని డాక్టరూ అన్నాడు.

ఇక ప్రశ్నలు వెతుక్కోవడం సారు నేర్పారు. రాగిసంగటి ఎంత తిన్నా షుగర్‌కి మంచిదేనని నా గట్టి నమ్మకం. అయితే తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూడమన్నారు. చూశాక నా నమ్మకం కాస్తా చప్పబడింది. ముద్ద సగం చేసి, ఆకుకూర పప్పు రెండింతలు వేసుకుని మరో రోజు చూస్తే తేడా నాకే కనిపించింది. జవాబు దొరికింది కదా, ఇక మిషన్ బీరువాలో పెట్టమన్నారు. నాకు మళ్లీ అన్నం రుచి తెలిసింది ఆ నెలలోనే. పెళ్లికి పిలిస్తే వెళ్లి, కూర్చుని, కొంచెం పులిహోర తిని వచ్చాను. ఆయన నాకు ఇచ్చింది అదీ.

ఆయన పోయిన రోజు చూడ్డానికి వెళ్తే, గడప దగ్గర ఎవరో ఇంత పథ్యం చేసి ఏం బావుకున్నాడని గొణిగారు. నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోయి, ముందు ఆయన కాళ్లకు దణ్ణం పెట్టుకుందామని వంగాను. ఇరవై రెండేళ్లు షుగర్‌తో బతికిన మనిషి పాదాలవి. ఒక్క పుండు లేదు, ఒక్క వేలు పోలేదు. గోళ్లు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. ఆ పాదాలకు దణ్ణం పెట్టుకుని పక్కకు జరిగాను.

అయినా భయం ఒక్క రోజులో పోయేది కాదు. పది రోజులు పొద్దున లేవగానే పొడుచుకుంటూనే ఉన్నాను. ఏ ప్రశ్నా లేదు, ఊరికే. పదకొండో రోజు భోజనాలకు వెళ్లాం. సారు భార్యను నేను అక్కా అంటాను. ఆవిడకూ షుగరే. వడ్డన అయ్యాక నా పక్కన కూర్చుని, నా విస్తట్లోకి చూసి అడిగింది.

"ఈ పొద్దు ఎంతుండాదే?"

"తెలీదక్కా. చూసుకోలేదు" అన్నాను. ఆ పూట నిజంగానే మరిచిపోయాను. ఆ మాట అన్నాకే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆవిడ నా వీపు నిమిరి, ఇంకాస్త పప్పు వెయ్యమని చెప్పింది.

ఎండ తగ్గాక, సారు రోజూ మమ్మల్ని పిలిచి నడిపించే వేళకు, నేను ఇంటికి పోకుండా వీధి చివరికి నడిచాను. వెనకాల చెప్పుల చప్పుడైతే తిరిగి చూశాను. రిటైరైన బస్సు కండక్టరు, పూలమ్మే ఆవిడ, మా ఆయన వస్తున్నారు. మొదటి ఇద్దరికీ షుగర్, మా ఆయనకు తోడు రావడం అలవాటు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. అమ్మవారి గుడి వైపు పూల అంగళ్ల మధ్యగా, దారి ఇరుకైన చోట ఒకరి వెనక ఒకరం, వెడల్పైన చోట నలుగురం పక్కపక్కన నడిచాం. మల్లెలు, సినిమాకు వెళ్లిన కండక్టరు మనవరాలు, వానలు, అన్నీ మాట్లాడుకున్నాం. ఎవరూ ఎవరి నంబరూ అడగలేదు.