కృప గురించి ఆయన అడగలేదు

నీలగిరి తైలం వాసన తగిలితే చాలు, నాకు రత్నమ్మ ఆంటీ గుర్తొస్తుంది. పోయిన శనివారం ఐర్లాండులోని పోర్ట్‌లీష్‌లో మా తెలుగు చర్చి జరిగే హాల్లో టీ కప్పులు సర్దుతుంటే ఉన్నట్టుండి ఆ వాసన వచ్చింది. కప్పు చేతిలో పట్టుకునే వెనక్కి తిరిగాను. ఆవిడే వచ్చి కుర్చీ లాక్కుంటోందేమో అనిపించింది. ఆవిడ పోయి ఏడాది దాటింది. సమాధి మీద పూలు నా చేత్తోనే పెట్టి వచ్చాను, అయినా ముక్కుకు ఆ సంగతి పట్టదు. వచ్చింది వేరే అమ్మాయి. వృద్ధుల్ని చూసుకునే కేరర్, పేరు సునీత. నడుము పట్టేసి పని మానుకుందని, ఆఫీసుల చుట్టూ ఎలా తిరగాలో చెప్పమని పాస్టరమ్మగారు నా దగ్గరికి పంపారు. సునీత సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆంటీ గురించి చెప్పాలి. ఈ ఊళ్లో నేనూ నా కూతురూ ఇంకా నిలబడి ఉన్నామంటే ఆవిడ చలవే.

ఆవిడది చీరాల వైపు. పొట్టి మనిషి, గొంతు మాత్రం హాలు చివరిదాకా వినిపిస్తుంది. మా వాళ్లలో ముందుగా ఐర్లాండుకు నర్సులుగా వచ్చిన కొద్దిమందిలో ఒకరు. ఒక చలికాలం డ్యూటీ దిగి ఇంటికి వస్తూ మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అతికింది గానీ సరిగా అతకలేదు. అనారోగ్య భత్యం అయిపోయి, పని చేయలేనివాళ్లకిచ్చే పెన్షను అడిగితే ఒకసారి లేదనిపించుకుని, అప్పీలుకు వెళ్లి తెచ్చుకుంది. చేతికర్రను నడవడానికి వాడినదానికంటే మనుషుల్ని చూపించి మాట్లాడ్డానికి ఎక్కువ వాడేది. ఆ కర్ర నా వైపు తిరిగిందంటే చీవాట్లు మొదలయ్యాయన్నమాట. మొదట్లో ఆవిడంటే నాకు భయం, కాస్త చిరాకు కూడా. చర్చిలో ఆవిడ వరసలో కూర్చోకుండా తప్పించుకుని తిరిగేదాన్ని.

నాది తెనాలి దగ్గర. నేనూ నర్సునే. మా ఆయనా నేనూ విడిపోయాక నా కూతురు గ్రేసీని పెట్టుకుని ఒక్కదాన్నే బతుకుతున్న రోజుల్లో కీళ్లవాతం పట్టుకుంది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, మణికట్లు ఉబ్బి ఎర్రగా ఉంటాయి. ఒకరోజు వార్డులో సిరంజిలోకి మందు లాగలేక పక్కనున్న అమ్మాయిని పిలిచాను. ఆ రోజే నా ఉద్యోగం అయిపోయిందని నాకు తెలిసింది. జీపీ, అంటే మా ఇంటి డాక్టరు, సర్టిఫికెట్లు పంపుతూ ఉంటే అనారోగ్య భత్యం వచ్చేది. దానికి గడువుంది. గడువు ముగిసేలోగా పెన్షనుకు పెట్టుకోవాలి. పెట్టుకున్నాను. కొన్నాళ్లకు ప్రభుత్వం తరఫు డాక్టరు పరీక్షకు పిలిచాడు, వెళ్లాను. మరికొన్నాళ్లకు జవాబు వచ్చింది: మీరు పని చేయగలరని మా అభిప్రాయం, కాబట్టి పెన్షను లేదు. ఇటు భత్యం ఆగిపోయింది. అద్దె కట్టలేకపోతే ఇల్లు ఖాళీ చేయాలి. ఈ ఊళ్లో ఇంకో ఇల్లు దొరకడం కల్ల. గ్రేసీ బడి, స్నేహితులు, అన్నీ వదిలి ఎక్కడికి పోవాలి? ఆ సాయంత్రం వేరే దారి లేక రత్నమ్మ ఆంటీ తలుపు తట్టాను.

ఆవిడ ఉత్తరం చదివి బల్ల మీద పడేసింది. "ఇది అందరికీ వచ్చేదే. దీన్ని చూసి ఏడవమాకు. ఆ డాక్టరు దగ్గర ఏం మాట్లాడావో అది చెప్పు, మొదట్నుంచీ," అంది.

చెప్పాను. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం కదా అని ఆదివారం చర్చికి కట్టుకునే చీర కట్టుకున్నాను. నీరసంగా కనపడకూడదని నొప్పి బిళ్లలు ముందే వేసుకున్నాను. ఎలా ఉన్నావని ఆయన అడిగితే, ఇక్కడివాళ్లు బాగున్నామనడానికి వాడే మాటతోనే, గ్రాండ్ డాక్టర్, దేవుని కృప వల్ల బాగున్నాను అన్నాను. ఇంటి పనులు చేసుకోగలవా అంటే, ఏదో నెట్టుకొస్తున్నాను అన్నాను.

ఆంటీ మొదట నవ్వింది. తర్వాత కర్ర నా వైపు తిరిగింది.

"ఆ చీర కట్టింది ఎవరు?"

"గ్రేసీ."

"జడ?"

"గ్రేసీయే ఆంటీ."

"కోటు గుండీలు?"

నేను నా వేళ్ల వైపు చూసుకున్నాను.

"అంత సేపు కూర్చుని ఆయనకు దేవుడి కృప గురించి చెప్పావు గానీ గ్రేసీ గురించి చెప్పలేదు. కృప గురించి ఆయన అడగలేదే పిచ్చిదానా, చేతుల గురించి అడిగాడు. కృప సంగతి ఆదివారం చర్చిలో సాక్ష్యమప్పుడు చెప్పుకో. అక్కడ చేతుల గురించి చెప్పు."

నాకు ఒళ్లు మండింది. అబద్ధమాడమంటున్నారా అన్నాను. "ఇప్పటిదాకా ఆడిందే అబద్ధం," అంది ఆవిడ, తాపీగా కెటిల్ ఆన్ చేస్తూ. చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో ఎవరు ఎలా ఉన్నావన్నా బాగున్నానే అనాలి. జ్వరంతో మూలుగుతున్నా సరే, నోటితో చెడు మాట అంటే విశ్వాసం లేనట్టు. ఇక్కడికి వచ్చి చూస్తే వీళ్లూ అంతే. కాలు విరిగి కట్టుతో ఉన్నవాడు కూడా గ్రాండ్ అంటాడు. రెండు దేశాల మర్యాదలూ కలిసి నా నోరు కుట్టేశాయి. నర్సుగా ఎందరో రోగుల చేత నొప్పి ఎక్కడో, ఎంతో చెప్పించిన దాన్ని, నా వంతు వచ్చేసరికి మర్యాద పాటించి కూర్చున్నాను.

అప్పీలు పెట్టాం. దానికి నెలలు పడుతుందన్నారు. మరి అంతవరకు? చర్చిలో శామ్యూల్ అన్న అని ఒకాయన, అన్నీ తెలిసినట్టు మాట్లాడతారు. "ఎస్తేరమ్మా, ఉద్యోగం వెతుక్కుంటున్నానని సైన్ చేసెయ్యి, నిరుద్యోగుల డబ్బులు తొందరగా వస్తాయి," అన్నారు. నాకూ బాగానే ఉందనిపించింది. ఆంటీ వింటూనే ఆయన మీద విరుచుకుపడింది. "ఏం శామ్యేలూ, ఉద్యోగమిస్తే రేపే చేరతానని ఒక ఆఫీసుకు రాసిస్తది, పని చెయ్యలేనని ఇంకో ఆఫీసులో వాదిస్తదా? నువ్వు పోయి సమాధానం చెప్తావా అక్కడ?" శామ్యూల్ అన్న టీ కప్పు పట్టుకుని పక్కకు జరిగారు. మర్నాడు ఆంటీయే నన్ను వెల్ఫేర్ ఆఫీసుకు తీసుకెళ్లింది. వేరే దారి లేనివాళ్లకు, పెద్ద నిర్ణయం వచ్చేదాకా కనీసపు భత్యం ఇస్తారని, అడిగితేనే ఇస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. అడిగాం. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. అప్పీలు గెలిస్తే ఈ భత్యాన్ని అందులోంచి మినహాయించుకుంటారని కూడా ముందే వివరించింది.

ఆ భత్యం వారం వారం పోస్టాఫీసులో తీసుకోవాలి. మా ఊరి పోస్టాఫీసులో నిలబడితే ఆసుపత్రిలో పనిచేసే తెలుగువాళ్లెవరైనా చూస్తారని, బస్సెక్కి పక్క ఊరు వెళ్లి తీసుకోవాలనుకున్నాను. ఆంటీ వినలేదు, చెయ్యి పట్టుకోకుండా భుజం పట్టుకుని లైన్లో నిలబెట్టింది. నేను భయపడ్డట్టే పాస్టరమ్మగారు స్టాంపుల కోసం వచ్చారు. "వందనాలమ్మా! మా ఎస్తేరు భత్యం తీసుకోవడానికి వచ్చాం," అని ఆంటీ పోస్టాఫీసంతా వినపడేలా చెప్పింది. భూమిలోకి దిగిపోదామా అనిపించింది. పాస్టరమ్మగారు మాత్రం నా దగ్గరికి వచ్చి మెల్లగా, "మా తమ్ముడికి కూడా పోయినేడు ఇట్టాగే ఆగిపోయింది. ఎవరినడగాలో తెలియలేదమ్మా," అన్నారు. బయటికొచ్చాక ఆంటీ అంది, "చూశావా? నువ్వు దాచుకుంటే ఆవిడా దాచుకునేది. పనిచేసినన్నాళ్లూ నీ జీతంలో కోసుకున్నారు గదే. దొంగసొమ్ము తీసుకున్నట్టు ఆ తలొంచుకోవడం ఏంది?" ఆ రోజు నుంచి నేను తలొంచుకోలేదు. కోపం మాత్రం ఓ వారం పాటు ఉంది.

ఎదురుచూడ్డం కూడా ఆవిడే నేర్పింది. ఆఫీసుకు ఫోను చేసే ముందు ఏదైనా తిని టీ తాగమనేది. ఖాళీ కడుపుతో మాట్లాడితే గొంతు తగాదాకు దిగుతుందట. ఫోనెత్తిన మనిషి నిర్ణయం తీసుకునే మనిషి కాదనీ, ఆ పిల్లతో పోట్లాడి లాభం లేదనీ చెప్పేది. భత్యం ఆగిపోయినా జీపీ సర్టిఫికెట్లు మాత్రం ఆపనివ్వలేదు. వారంలో ఒక రోజు వాళ్లింటికి పిలిచి ప్రశ్నలు వేసేది. నేను నెట్టుకొస్తున్నాను అనగానే కర్రతో నేల మీద కొట్టేది. "నెట్టుకు రావడం అంటే ఏంది? ఎవరు నెడుతున్నారు? అది చెప్పు." సీసా మూత ఎవరు తీస్తారు, తల ఎవరు దువ్వుతారు, బాగున్న రోజు ఎలా ఉంటుంది, బాగాలేని రోజు ఎలా ఉంటుంది. ఉన్నదానికి ఒక్క పిసరు ఎక్కువ చెప్పినా ఊరుకునేది కాదు. ఒకసారి నేను అసలు కప్పే పట్టుకోలేనన్నాను. "మరి నా టీ తాగింది ఎవరు?" అని కసిరింది.

అప్పీలు విచారణకు తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది, నీలగిరి తైలం వాసనతో సహా. ఈసారి ఇంట్లో వేసుకునే స్వెట్టరు, పాంటుతోనే వెళ్లాను. అధికారి నెమ్మదైన మనిషి. మీ పొద్దు ఎలా మొదలవుతుంది అని అడిగారు. గ్రాండ్ అనే మాట నాలుక చివరికి వచ్చింది. ఆంటీ చూపు నా మీదే ఉందని చూడకుండానే తెలిసింది. మింగేశాను.

"నా కూతురు బడికి వెళ్లే ముందు కెటిల్‌లో సగం నీళ్లు పోసి పెట్టి వెళుతుంది," అన్నాను. "నిండా ఉంటే నేను ఎత్తలేను. పై అలమర‌లో ఉన్న సామానంతా కింది అలమర‌లోకి సర్దింది. నా బట్టల గుండీలు అదే పెడుతుంది. దానికి పన్నెండేళ్లు. రోజూ మొదటి పిరియడ్‌కి లేటవుతోందని బడివాళ్లు ఫోను చేశారు. ఎందుకు లేటో అది వాళ్లకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

చెబుతూనే ఏడ్చాను. ఆ మాట పైకి అనేదాకా నా కూతురు నాకు ఏమేం చేస్తోందో నేనే పూర్తిగా చూడలేదు. ఆంటీ నా వైపు తిరగలేదు, రుమాలు మాత్రం బల్ల మీద జరిపింది. కొన్ని వారాలకు పెన్షను మంజూరైందని జవాబు వచ్చింది. అదే అద్దె ఇంట్లో ఉండిపోయాం. పొద్దున పూట సాయానికి ఒక మనిషి కుదిరింది. మొదటి రోజు గ్రేసీ బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి, "ఆర్ యూ షూర్, మమ్?" అంది. ష్యూర్ అన్నాను. అది బస్సు కోసం పరిగెత్తడం కిటికీలోంచి చూశాను.

కొత్త మందులు కొంత పనిచేశాయి. ఒక క్లినిక్‌లో కొన్ని పూటలు ఫోన్లు చూసుకునే పని దొరికే అవకాశం వచ్చింది. మళ్లీ భయం. చేరితే పెన్షను పోతుందేమో, చేతులు మొరాయిస్తే రెండూ పోతాయేమో. ఆంటీ చాలా తేలిగ్గా తీసేసింది. "ఓపికున్నంత పని చేసుకుంటూ కొంత భత్యం తీసుకునే దారి ఉంది. ముందు అడుగు, సరేనని వాళ్ల దగ్గర రాయించుకో, ఆ తర్వాతే డ్యూటీ ఎక్కు. వెనకాముందూ చేశావో, చంపుతా." అలాగే చేశాను. ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాను. పని అంటే నాకు మళ్లీ ఇష్టం కలిగింది.

ఆ తర్వాతి ఏడు ఆవిడే ఆసుపత్రిలో చేరింది. కడుపులో వ్యాధి ముదిరిపోయాక బయటపడింది. నేను పక్కనుండగా ఒక కుర్ర డాక్టరు వచ్చి, ఎలా ఉన్నారు రత్నా అని అడిగాడు. ఆవిడ దిండు మీద నుంచి తల కాస్త ఎత్తి, జుట్టు సవరించుకుని, "గ్రాండ్ డాక్టర్, గ్రాండ్," అంది. ఆయన సంతోషించి కాగితం మీద ఏదో రాసుకుని కదలబోయాడు.

"ఆంటీ, ఆయన కృప గురించి అడగలేదు," అన్నాను తెలుగులో.

ఆవిడ నా వైపు చూసింది. తర్వాత పెదాలు వణికాయి, నవ్వుకో నొప్పికో తెలియలేదు. "రాత్రంతా నిద్ర లేదే ఎస్తేరూ. నడుం కింద కోసేస్తున్నట్టుంది. ఆయనకు చెప్పు," అంది. డాక్టరు వెళ్లిపోకుండా నేను లేచి అడ్డంగా నిలబడ్డాను. "నేను చెప్పను. మీరే చెప్పండి," అన్నాను. చెప్పింది. ఎక్కడో, ఎంతో, ఎప్పట్నుంచో, ఒక్క పిసరు ఎక్కువ లేకుండా చెప్పింది. మందు మార్చారు. ఆ రాత్రి ఆవిడ నిద్రపోయింది. అలా హాయిగా నిద్రపోయిన రాత్రులు ఇంకా కొన్ని దక్కాయి ఆవిడకు. నేను ఆవిడకు తీర్చిన రుణం అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే. ఆవిడ లేకపోవడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

పోయిన శనివారం సునీత నా ఎదురుగా కూర్చుంది. నడుముకు రాసుకున్న తైలం వాసన మా ఇద్దరి మధ్యా ఉంది. వచ్చేవారం ఆ అమ్మాయికి డాక్టరు పరీక్ష ఉంది. టీ ఇచ్చి, ఎలా ఉన్నావమ్మా అని అడిగాను.

"బాగానే ఉన్నానక్కా, దేవుని దయ," అంది, నిటారుగా కూర్చోవడానికి ప్రయత్నిస్తూ.

నేను ఆ అమ్మాయి కాళ్ల వైపు చూశాను. బూట్ల లేసులు రెండు ముళ్లు వేసి, గట్టిగా, అందంగా కట్టి ఉన్నాయి.

"ఆ లేసులు ఎవరు కట్టారు?" అన్నాను.