రూతు ఎక్కుతూ పోలేదు, దిగుతూ పోయింది

నిన్న పొద్దున తోటలో మామిడికాయలు పెట్టెల్లో సర్దుతుంటే బాబాయి ఫోన్ చేశాడు.

"ఝాన్సీ, చెల్లి లేదంటమ్మా."

ఏ చెల్లి అని అడిగాను. నిజంగానే అడిగాను. రూతు పేరు నా బుర్రలోకే రాలేదు. రూతుకి ఏమన్నా అవుతుందని ఎవరనుకుంటారు?

తర్వాత "ఎవడన్నాడా మాట?" అని బాబాయి మీదే అరిచాను. పాపం, ఆయనేం చేస్తాడు. అవతల ఏడుస్తున్నాడు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. రూతు మా పిన్నీ బాబాయిల కూతురు. మన నూజివీడు తోటల్లో పుట్టి పెరిగిన పిల్ల. హిమాలయాల్లో పెద్ద శిఖరాలకి టీములను తీసుకెళ్ళే ఒక కంపెనీలో గైడ్.

సాయంత్రానికల్లా మన ఊరి గ్రూపుల్లో మొదలైపోయింది. "శిఖరం ఎక్కుతూ యువతి మృతి" అని ఎవరో పెట్టారు. కింద వరసగా ఆర్‌ఐపీలు. వాటి మధ్యలో సలహాలు.

"ఆడపిల్లకి కొండలెందుకండీ?"

"మొండితనం. ఏం చేస్తాం."

"పేరు కోసం ప్రాణం మీదకి తెచ్చుకుంది."

అయ్యా, అమ్మా, కాస్త ఆగండి. రూతు ఎలాంటిదో చెప్పడానికి నేనింకా బతికే ఉన్నాను.

మా బాబాయి కోత ముఠాలో ఒక పద్ధతి ఉంది. చెట్టు మీదున్న మనిషి దిగేముందు "దిగుతున్నా!" అని గట్టిగా అరవాలి. కింద ఎవరున్నా సరే, చేతిలో పని వదిలేసి, నిచ్చెన పట్టుకుని "దిగు, పట్టుకున్నాం" అనాలి. ఆ జవాబు వినబడకుండా నిచ్చెన మీద కాలు పెట్టకూడదు.

ఎక్కేటప్పుడు ఇదేమీ లేదు. దిగేటప్పుడే.

"పడ్డోళ్ళంతా దిగేటప్పుడే పడ్డారమ్మా" అంటాడు బాబాయి.

చిన్నప్పుడు ఒకసారి మా అన్నయ్యలు చెట్టు మీదున్న రూతుని ఏడిపిద్దామని జవాబివ్వకుండా అన్నాలకి వెళ్ళిపోయారు. ఏడుస్తుందనుకున్నారు.

ఏడుపా! కొమ్మ మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని, అందిన చిన్నరసాలన్నీ జుర్రుకుని, తిరిగొచ్చిన అన్నయ్యల నెత్తి మీద టెంకలు విసిరింది. బతిమాలినా దిగలేదు. చివరికి వాళ్ళే నిచ్చెన పట్టుకుని "దిగు తల్లీ, పట్టుకున్నాం" అని దండం పెట్టాక దిగింది. మోచేతుల దాకా రసం.

అదీ రూతు మొండితనం అంటే.

పోయినసారి ఇంటికొచ్చినప్పుడు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎటు చూసినా మంచు. తాడు మీద ఇది. కింద కళ్ళద్దాలు పెట్టుకుని ఢిల్లీ వాళ్ళు, బెంగళూరు వాళ్ళు. ఇది పైనుంచి "దిగుతున్నా!" అని కేకేస్తే, వాళ్ళంతా నోరు తిరగక "దిగూ, పట్కునా!" అని అరుస్తున్నారు.

మేము కడుపు పట్టుకుని నవ్వాం. అది మాత్రం నవ్వలేదు.

"అక్కడ కూడా ఇదే రూలక్కా. నా టీముకి ముందు ఈ ముక్క నేర్పించి, ఆ తర్వాతే తాడు చేతికిస్తా."

పిన్ని ఇచ్చిన మామిడి తాండ్ర కోటు లోపల దాచుకునేదట. బయటుంటే చెక్కలా అయిపోద్దని.

నిన్న సాయంత్రం, ఈసారి రూతు తీసుకెళ్ళిన టీములో ఉన్న హైదరాబాద్ ఆవిడ ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టాను. ఇంట్లో అందరం విన్నాం.

"శిఖరం కళ్ళెదురుగా కనిపిస్తోందండీ. ఇంత దూరం వచ్చి వెనక్కి ఏంటని నేనే గొడవపడ్డాను. వాతావరణం తేడాగా ఉంది, దిగాల్సిందే అంది రూతు. ఎవరు చెప్పినా వినలేదు. మా అందర్నీ ముందు దింపి, తను చివర్లో దిగిందండీ. సగం దిగాక పైనుంచి మంచు విరిగి పడింది."



అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న బాబాయి లేచి వచ్చాడు. ఒక్కటే అడిగాడు.

"అమ్మా, పైనుంచి కేకేసినప్పుడు జవాబిచ్చారా?"

"ఇచ్చామండీ. అందరం ఇచ్చాం. తను చెయ్యి ఊపింది. అప్పుడే తాడు మీదకి వచ్చింది."

బాబాయి తలూపి, వెళ్ళి మళ్ళీ గోడ దగ్గరే కూర్చున్నాడు.

ఇప్పుడు చెప్పండి. పేరు కోసం పోయిన మనిషి శిఖరం కళ్ళెదురుగా పెట్టుకుని వెనక్కి తిరుగుతుందా?

మొండిదే. ఒప్పుకుంటా. ఆ మొండితనం వల్లే ఆ టీములో వాళ్ళంతా ఇవాళ ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, బాగానే ఉన్నా" అని చెప్పుకుంటున్నారు. మా పిన్నికే ఆ ఫోన్ రాలేదు.

కాబట్టి ఆ పోస్ట్ పెట్టినవాళ్ళు "ఎక్కుతూ" తీసేసి "దిగుతూ" అని రాయండి. చేతకాకపోతే డిలీట్ చెయ్యండి. ఆర్‌ఐపీ పక్కన సలహాలు రాసినవాళ్ళు మా గుమ్మం తొక్కకండి.

ఆడపిల్లకి కొండలెందుకని అడిగారుగా. నా కూతురు రేపు కొండెక్కుతానంటే నేనే పంపిస్తా. దిగేటప్పుడు ఏం అరవాలో దానికి మాటలొచ్చిన దగ్గర్నుంచీ తెలుసు.

రూతు ఇంకా కొండ మీదే ఉంది. వాన, మంచు తెరిపి ఇస్తే కిందికి తెస్తారట. గన్నవరం దాకా విమానంలో వస్తుంది. హనుమాన్ జంక్షన్‌లో బండి మన రోడ్డుకి తిరిగేచోట ముఠా అంతా నిలబడతాం. కోతలు నడుస్తున్నా సరే, ఆ రోజు ఎవరం చెట్టెక్కం. రాదలచుకున్నవాళ్ళు రండి. దండలు తేకపోయినా పర్లేదు. గొంతు తెచ్చుకోండి.

చెల్లీ, నీకేం తొందర లేదు. అలిసిపోయావు. ప్రభువు నీకు శాంతినివ్వాలి.

నెమ్మదిగా దిగు రూతూ. పట్టుకున్నాం.