మంచివాడని చెప్పబడిన దడవాయి

ఆ వ్యవహారంలో పోయినవి ముందు లెక్కేస్తాను. రెండు దస్తాల తెల్లకాగితం. ఒక సిరాబుడ్డి, అందులో సగం నా ధోవతి మీదే ఒలికింది. నిజామాబాదుకు మూడు బస్సు ప్రయాణాలు, అందులో ఒకటి టాపు మీద. నేను పనిచేసే దుకాణం సేటు దగ్గర నాకున్న మంచిపేరు, ఓ పది రోజులపాటు. నా ఇంగ్లీషు మీద నాకున్న గర్వం, అది మొత్తంగా. ఇవన్నీ చిన్నవి. పెద్దది ఒకటే: ఒక మనిషికి రావలసిన నెలజీతపు కొలువు పోయినంత పనైంది. పోయినంత పనే గానీ పోలేదు కనుక దాన్ని ఈ మొత్తంలో కలపకుండా పక్కన రాసి పెట్టుకున్నాను.

ఆ మనిషి దడవాయి. అంటే మార్కెట్లో సరుకు తూచేవాడు. ఆర్మూరు పసుపు మార్కెట్లో ఆయన కాంటా దగ్గర నిలబడి బరువు కేకేసేవాడు, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తానైన నేను రాసుకునేవాణ్ణి. నాకంటే పదేళ్ళు పెద్ద. కిలోలు కొత్తగా వచ్చిన రోజులవి. శేర్లతో పుట్టి పెరిగిన రైతులు కిలో అన్న మాట వినగానే ఏదో మోసం జరుగుతోందన్నట్టు కాంటా చుట్టూ తిరిగి చూసేవారు. శేర్లను కిలోల్లోకి మార్చే పట్టిక ఒకటి నేనే తయారుచేసి గోడకు అంటించాను. బడి నాలుగో తరగతితోనే ఆగింది. లెక్కలు నాకు నేనుగా నేర్చుకున్నాను. ఇంగ్లీషు నేర్పింది మాత్రం చిత్తుకాగితాలు. పసుపు నమూనాలు పొట్లాలు కట్టడానికి హైదరాబాదు నుంచి పాత ఇంగ్లీషు పేపర్లు కట్టలుగా వచ్చేవి. ఏ పొట్లం విప్పినా పసుపు పక్కన పోసి కాగితం చదివేవాణ్ణి.

ఆ పేపర్లలో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, వాటిలో ఎవరూ ఏమీ అనరు. 'ఇట్ ఈజ్ లర్న్‌ట్', అంటే తెలియవచ్చిందని. 'ఇట్ ఈజ్ రిపోర్టెడ్', అంటే వార్త అందిందని. 'హీ ఈజ్ సెడ్ టు బి', అంటే అతను ఫలానా అని చెప్పబడుతోందని. చెప్పిందెవరో వెతికినా కనబడరు. నాకది మా మార్కెట్ మాటలాగే అనిపించింది. మా మార్కెట్ నడిచేదే 'అట' మీద. వ్యాపారులు రుమాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి ధర తెలుపుకునేవారు. ఒక్కరూ నోరు విప్పరు. అయినా కాసేపట్లో చివరి దుకాణం దాకా తెలిసిపోయేది, పసుపు కొమ్ము ఇంత పలికిందట, మండ దుంప ఇంకా దిగిందట అని. ఎవరన్నారని అడిగితే అడిగినవాణ్ణే వింతగా చూసేవారు.

పసుపు వచ్చేది ఎండాకాలం వరకే. వానలు మొదలైతే కాంటాల మీద గోనెపట్టాలు కప్పేసేవారు. దడవాయి కూలికి పోయేవాడు. ఇంట్లో ఆయన భార్య బీడీలు చుట్టేది. ఆ ఏడాది వానలు ఇంకా మొదలుకాకముందే నిజామాబాదులో కొత్తగా కట్టిన సర్కారు గిడ్డంగిలో తూకం మనిషి కావాలని కబురొచ్చింది. ఏడాది పొడుగునా జీతం. దరఖాస్తుతోపాటు నడవడి మంచిదని ఊళ్ళో ఎవరైనా ఇంగ్లీషులో రాసిచ్చిన పత్రం ఉండాలి.

ఆ సాయంత్రం దడవాయి వచ్చి నా గద్దె పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, మంచోడని రాయి."

"రాస్త అన్నా. ఆరు సీజన్ల సంది నాకు ఎరికైన మనిషని..."

"నీకెరికైతె ఏమైతది? నువ్వేమన్న తాసిల్దారువా? నీ ఒక్కని మాట ఎవ్వలింటరు? నలుగురు అంటరని రాయి. మంచోడంటరు, తూకంల తప్పు పోడంటరు, గట్ల."

మా మార్కెట్ పద్ధతి ప్రకారం ఆయన అన్నది సబబే. ఎద్దును కొనేటప్పుడు "నేను చెప్తున్న, మంచి ఎద్దు" అన్నవాడికి అందులో ఏదో లాభం ఉందనుకుంటాం. నలుగురూ అంటున్నారంటేనే డబ్బులు తీస్తాం. పైగా నేను చదివిన ఇంగ్లీషు కూడా ఆ మర్యాదే పాటిస్తోంది. ఇంక నాకు అడ్డేముంది? రాశాను. ఇతను నిజాయితీపరుడని చెప్పబడుతోంది. ఇతను ఎన్నడూ దొంగతనం చేయలేదని నమ్మబడుతోంది. ఇతని తూకాలు సరిగా ఉన్నట్టు తెలియవచ్చింది. ఇతను తాగడని వార్త. ఇదంతా ఇంగ్లీషులో, చక్కని దస్తూరీతో. చదివి వినిపిస్తే ఒక్క ముక్క అర్థం కాకపోయినా దడవాయి "మస్తున్నది" అన్నాడు. నాకూ మస్తుగానే అనిపించింది.

కొన్ని వారాలకు కార్డు వచ్చింది: దరఖాస్తుదారూ, పత్రం రాసిన వ్యక్తీ ఇద్దరూ హాజరు కావాలని. పత్రం రాసినవాడి ఇంగ్లీషు చూసి ముచ్చటపడి పిలిచారేమోనని నేను ఉతికిన ధోవతి కట్టుకుని మరీ బస్సెక్కాను.

గిడ్డంగి ఆఫీసులో ఒక పెద్ద వయసు మున్షీ సాబ్ ఉన్నాడు. నా కాగితాన్ని కొసన పట్టుకుని పైకెత్తాడు.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే సాబ్."

"ఈయనకు నీకు ఏమన్న లడాయి ఉన్నదా?"

"అయ్యో, లేదు సాబ్!"

"మరి గింత బద్నాం ఎందుకు చేసినవ్ భాయ్?"

ఆనాటి పేపరు తీసి, సైకిలు దొంగతనం వార్త మీద వేలు పెట్టాడు. "చూడు. గీడు సైకిలు ఎత్తుకపోయిండు అని సీదా ఎందుకు రాయలే? అదాలత్ ఇంక ఫైసలా చెయ్యలే. రేపు వీడు దొంగ కాదని తేలితె పేపరోళ్ళ మెడకు సుట్టుకుంటది. అందుకే ఎత్తుకపోయినట్టు చెప్తున్నరు అని రాసి పక్కకు జరిగిండ్రు. నువ్వు గూడ గట్లనే జరిగినవ్. దొంగతనం చెయ్యలేదని నమ్ముతున్నరట! అది చదివి మా పెద్దసాబ్ ఏమన్నడో ఎరికేనా? ఠాణాల ఏమన్న కేసున్నదేమో అడగమన్నడు."

దడవాయి నా వైపు తిరిగాడు. "నన్ను దొంగను చేస్తివా తమ్మీ?"

"నలుగురు అంటరని రాయమన్నది నువ్వే కదనే!"

"నలుగురు మంచోడంటె దొంగ అయితరా గీ ఇంగ్లీషుల?"

మున్షీ సాబ్ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక మాత్రం ఓపిగ్గా చెప్పాడు. "అంటరు అని అసలే రాయొద్దని కాదు. గీ ఊరి ఖిల్లా వందల ఏండ్ల కిందిదంటరు. ఎవడన్నడని ఎవడడుగుతడు? ఆడ రాయి. చెప్పినోడు ఎవడో తెల్వదు, అప్పుడు రాయి. నువ్వు కండ్లార చూడలే, అప్పుడు గూడ రాయి. చూసినవంటె మాత్రం చూసిన అని రాయాలె. ఎవడన్న చెప్పిండంటె వాని పేరు రాయాలె. నాలుగు మాటలు రాస్తివి, నాలుగింటిల ఒక్క మనిషి లేడు."

గడువు నెలాఖరు దాకా ఇచ్చాడు. మంచివాడనే ఆ నలుగురెవరో పేర్లూ సంతకాలూ తేవాలి. తేకపోతే కొలువు ఇంకొకరికి పోతుంది.

నలుగురేమిటి, నలభైమందిని తెస్తామనుకుంటూ తిరిగొచ్చాం. మొదట మా సేటును అడిగాను.

"దడవాయా? మంచోడే అంటరు."

"గా మాటే రాసి సంతకం పెట్టు సేటూ."

"అంటరు అన్న గని నేనన్ననా? సంతకమంటె జమానత్. రేపు గాడ ఒక బస్తా తక్కువొస్తె నా దుకాణం మీదికి వస్తరు. నువ్వు నా దగ్గర పనిచేస్తున్నవా, గాయన దగ్గరనా?"

హోటలు ఆయనా అంతే. పక్క దుకాణాల వాళ్ళూ అంతే. అందరూ అంటారనే అందరూ అన్నారు. అనేవాడు మాత్రం దొరకలేదు. గడువు దగ్గర పడేకొద్దీ దడవాయి కేకలో జోరు తగ్గింది. పైన మబ్బు పట్టినప్పుడల్లా గోనెపట్టాల వైపు చూసేవాడు.

మొదట ముందుకొచ్చింది చాటతో పసుపు చెరిగే అవ్వ. మా గొడవంతా విని, చాట కింద పెట్టి బొటనవేలు చాచింది. "నేనంట. రాస్కో. కాంటా కింద రాలిన కొమ్ములు ఏ దినం గూడ ఇంటికి తీస్కపోలే. నా చాటల్నే ఏసిండు. నేను చూసిన." రెండోవాడు మాక్లూరు రైతు. సేటు కేక వేస్తున్నా వినకుండా తన బస్తాలు దడవాయి రెండోసారి తూచాడని, అందువల్ల తనకు మేలైందని చెప్పి అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం చేశాడు.

అక్కడితో ఆగిపోయింది. సేటును మళ్ళీ అడిగితే "రేపు పెడ్త" అన్నాడు. ఇంక ఎవరి దగ్గరికి పోదామా అని నేను ఆలోచిస్తుంటే దడవాయి అన్నాడు: "ఊరంత తిరుగుతున్నవ్ గని, నువ్వేమంటవ్ తమ్మీ? నువ్వేమన్న అంటవా, రాసుడేనా?"

దస్తా విప్పాను. నా చిత్తుల్లో ఎక్కువ కాగితాలు పోయింది అప్పుడే. 'నేను' అని మొదలుపెట్టి ఇంగ్లీషు రాయడం నాకు అలవాటు లేదు. పొట్లాల మీద అలాంటి వాక్యం ఎన్నడూ దొరకలేదు. చివరికి ఇలా కుదిరింది: ఇతని పక్కన కూర్చుని ఆరు సీజన్లు లెక్క రాశాను. రెండుసార్లు తూకంలో తేడా వచ్చింది. రెండుసార్లూ నేను పట్టుకోకముందే ఇతనే వచ్చి చెప్పాడు.

"తేడా వచ్చిందని ఎందుకు రాస్తివి? కొట్టెయ్యి!" అన్నాడు దడవాయి.

"వచ్చింది కదనే."

"వస్తె మాత్రం!"

కొట్టెయ్యలేదు. వచ్చిన లెక్కను రాలేదని రాయడం నా చేతకాదు. దారి పొడుగునా, టాపు మీద గాలికి రుమాలు పట్టుకుంటూ, ఆయన నాకు వీపు తిప్పి కూర్చున్నాడు.

మున్షీ సాబ్ చదువుతూ ఆ రెండు తేడాల దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "హా, గిది మనిషి రాసినట్టున్నది," అని పెద్దసాబ్ గదిలోకి తీసుకుపోయాడు. తిరిగొచ్చి అడిగాడు: "ముగ్గురే ఉన్నరు. నాలుగో ఆయన?"

"రేపు పెడ్తడట సాబ్."

"ఎవడన్నడు?"

"మా సేటే అన్నడు సాబ్, నా ముంగటనే."

"షాబాష్," అని పత్రం అడుగున 'ముగ్గురు అందారు, ఒకరు రావలసి ఉంది' అని రాసి, దడవాయి దరఖాస్తును మంజూరు కట్టలో పెట్టాడు.

మూడో ప్రయాణం ఆయన మూటాముల్లె మోయడానికి. ఆ వానాకాలం నుంచి ఆయన ఆ గిడ్డంగిలోనే తూస్తున్నాడు. మా సేటు ఇప్పుడు దుకాణానికి వచ్చిన ప్రతివాడితో "దడవాయి మంచోడని నేనప్పుడే అన్న" అంటాడు. అంటున్నప్పుడల్లా నేను ఆ పత్రం నకలు ముందుకు జరుపుతాను, కలం మూత తీసి మరీ.

"రేపు," అంటాడు.

నలుగురిలో ముగ్గురు జమ. ఇవాళ్టికీ ఒకరు బాకీ.