డ్యాష్‌బోర్డు వెనక గూడు

ఈ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. నా పాత కారు వైర్లు ఎలుకలు కొరికాయని, పక్క వాటాలో అద్దెకుంటున్న ఆవిడ జొన్న సంచులను షెడ్డులోంచి బయట పెట్టించాను. ఆకాశం మబ్బు పట్టి ఉందని తెలిసీ ఆ పని చేశాను.

ఆవిడది యరగేర ఊరు. ఇక్కడ రాయచూరులో భోజనం పెట్టే ఒక ఖానావళికి రోజూ జొన్నరొట్టెలు కాల్చి ఇస్తుంది. ఇల్లు గడిచేది వాటి మీదే. సంచులకు గదిలో చోటు లేదంటే, కారు పక్కన పెట్టుకోమన్నది నేనే.

కారు మస్కిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర కొన్నది. దాదాపు నా వయసుదే. పొద్దున ఇంజను తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. కార్బురేటర్ దాకా పెట్రోలు వస్తోంది. మా ఆవిడను తాళం తిప్పమని ప్లగ్గు చూశాను, నిప్పు రాలేదు. టెస్టు బల్బు పెడితే కాయిల్‌కే కరెంటు అందడం లేదని తేలింది. వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే బానెట్ కింద ఒకచోట తెగి ఉంది. చుట్టూ ఎలుక పెంటికలు, ఉచ్చ కంపు. ఆ రోతతోనే వెళ్లి పక్క వాటా తలుపు కొట్టాను.

"నీ సంచులకే ఎలుకలు మరిగినయి. ఇప్పుడే తియ్."

"పెనం మీద రొట్టె ఉంది సారూ. జెరసేపాగి తీస్తా."

"ఇప్పుడే అన్న."

"సంచికి ఒక్క బొక్క చూపియ్ సారూ. జొన్నలిడిసి వైరు తింటయా? గివేం ఎలుకలు, నీ కారు లెక్క ముసలివైనయా?"

ఆ మాటకు ఇంకా మండింది. సంచులకు బొక్కలున్నాయో లేదో నేను చూడనే లేదు. ఒకదాన్ని ఈడ్చుకెళ్లి వాకిట్లో పడేశాను. మిగతావి ఆవిడే లాక్కుంది. లోపల్నుంచి రొట్టె మాడిన వాసన వచ్చింది.

తెగిన చోట వైరు కలిపి టేపు చుట్టాను. అయినా కాయిల్‌కు కరెంటు రాలేదు. అంటే ఇంకోచోట కూడా తెగి ఉండాలి, తాళం వైపు. డ్యాష్‌బోర్డులో సామాను పెట్టుకునే అరను ఊడదీశాను. గుప్పున కంపు కొట్టింది. వెనక, వైర్ల మధ్య గూడు. కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు ఒకదానిమీద ఒకటి పడి కదులుతున్నాయి. గూడంతా నూనె మరకల కాగితం ముక్కలు. వాటి మధ్య మండక్కి బొరుగులు, శనగపప్పు, ఒక మిర్చి బజ్జీ తొడిమ.

ఆ కాగితాలు నావి.

నాకు షుగరు. నూనె సరుకు ముట్టవద్దని డాక్టరు చెప్పాడు, మా ఆవిడ కాపలా కాస్తుంది. అందుకని సాయంత్రాలు "కారు చూసొస్తా" అని షెడ్డుకు వెళ్లి, అద్దాలు ఎక్కించుకుని, మండక్కి మిర్చి తింటాను. కాగితాలు ఆ అరలో కుక్కుతాను. చేతులు సీటు కింద తుడుచుకుంటాను. కారంటే ఈయనకు ప్రాణమని మా ఆవిడ చుట్టాలతో చెప్పుకుంటుంది.

అప్పుడే రేకుల మీద వాన మొదలైంది. సంచుల కంటే ముందు నాకు తట్టింది ఆ కాగితాలు కాల్చేయాలని. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు, చేతికంటిన ఎలుక కంపు కంటే నేనే ఎక్కువ కంపనిపించింది.

బయటికి పరుగెత్తేసరికి ఆవిడ ఒక్కతే సంచులను అరుగు మీదికి ఎక్కిస్తోంది. నేను పడేసింది గుంటలో ఉంది. సగం తడిసింది.

"తడిసిన జొన్నల పిండికి జిగి రాదు, రొట్టె చేతుల్నే విరుగుతది," అంది పిడికెడు జొన్నలు తీసి చూస్తూ. "రేపు ఖానావళాయనకు ఏం చెప్పాలె?"

ఆవిడను, మా ఆవిడను కారు దగ్గరికి పిలిచి గూడు చూపించాను. ఆ కాగితాలు ఎవరివో చెప్పాను.

మా ఆవిడ వంగి వాసన చూసి ముక్కు మూసుకుంది. "కారుకు సేవ జేస్తున్నడనుకుంటి. సేవ ఎవరికి జరిగిందో ఇప్పుడు తెల్సింది."

రొట్టెలావిడ నవ్వలేదు. "అది మీరు మీరు జూస్కోండ్రి. నా జొన్నలేంగావాలె?"

తప్పయిందని అక్కడే చెప్పాను. మా వంటింటి డబ్బాలోని జొన్నలన్నీ సంచిలో పోసుకుని, వానలోనే సైకిలు మీద పిండి గిర్నీకి వెళ్లి పట్టించుకొచ్చి ఆవిడకిచ్చాను. రేపటి రొట్టెలకు ఆ పిండి సరిపోతుందంది. పొడి సంచులను షెడ్డులో చెక్కల మీదికి ఎత్తాను. గూడు తీసి పారేసి కారు లోపలంతా ఫినాయిలుతో కడిగాను. వైరు జోలికి మాత్రం పోలేదు.

మా హాల్లో కుర్చీలు బయటపెట్టి, దుప్పట్లు పరిచి, తడి జొన్నలు ఫ్యాను కింద ఆరబోశాను. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తిరగదోస్తుంటే రొట్టెలావిడ గడప దగ్గరికి వచ్చి, ఒక గింజ తీసి కొరికింది.

"ఆరినట్టేనా?" అన్నాను.

"ఏడారినయి. తిప్పుతుండు సారూ."

తిప్పుతూ కూర్చున్నాను.