మా నాయన తలపాగా, నా సిగరెట్టు

ముందే ఒప్పుకుంటే పాపం సగం తగ్గుతుందంటారు కాబట్టి ఒప్పేసుకుంటున్నాను. నేను ఏ సంగతీ ఉన్నదున్నట్టు చెప్పలేను. నేను గుమ్మడికాయ అంటే మా ఇంట్లోవాళ్లు చెనిక్కాయ, అదే వేరుశెనక్కాయ, అని సర్దుకుంటారు. నా చిన్ననాటి స్నేహితుడు చెంగల్రాయుడు "కాణిపాకం పోదాం రా, వినాయకుడి ముందర చెప్పు ఈ మాట" అని బెదిరించినప్పుడు తప్ప నా నోట్లో నిజం నిలవదు. కాబట్టి ఇందులోని కొలతలన్నీ మీరు సగానికి కోసుకోండి. ఒక్కటి మాత్రం కోయడానికి వీల్లేదు: కళాకారుడి స్వేచ్ఛను కాపాడబోయి ఒక మఖ్మల్ కోటును, కుండెడు మజ్జిగను, ఊళ్లో నాకున్న కాస్త పరువును ఒకే పూట తగలేసుకున్నాను. మజ్జిగ ఎలా తగలబడుతుందని అడక్కండి. అక్కడికే వస్తున్నా.

డెబ్బయ్యో దశకం చివరి మాట. నేను తిరుపతిలో బి.ఏ. వెలగబెడుతున్నాను. మా ఊరు కార్వేటినగరం. నాయన పేరు మునిరత్నం, చెనిక్కాయల వ్యాపారం. ఆయనకు లోకంలో ఇద్దరే శత్రువులు: చెనిక్కాయల్లో మన్ను కలిపేవాడు, పొగ తాగేవాడు. మొదటివాణ్ణి తూకం దగ్గర పట్టేవాడు. రెండోవాడి కోసం ఊరంతా వాసన చూసేవాడు.

దానికీ ఒక కారణముంది. ఒక ఏడాది మా గడ్డివామి నిలువునా కాలిపోయింది. మా కూలివాడు సినిమాలో హీరోలాగా బీడీముక్కను రెండు వేళ్లతో చిటికేసి విసిరాడు. హీరోది సముద్రంలో పడింది, వీడిది వామిలో పడింది. "వీణ్ణి కొట్టి ఏం లాభం? వీనికి నేర్పించినోణ్ణి పట్టుకోవల్ల" అన్నాడు నాయన. సినిమాల్లో పొగతాగే సీన్లన్నీ నిషేధించాలని ఆ రోజే తీర్మానించాడు.

ప్రభుత్వానికి ఆ తీర్మానం అందలేదు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. రాజు తలుచుకోకపోతే ఆ పని మా నాయనే తలుచుకుంటాడు. మా ఊరి టూరింగ్ టాకీసులో ప్రొజెక్టరు వెలుగు సరిగ్గా ఎక్కడినుంచి పోతుందో చూసుకుని, దాని కింది బెంచీమీద కూర్చునేవాడు. తెరమీద ఎవడైనా అగ్గిపుల్ల గీస్తే చాలు, లేచి నిలబడేవాడు. ఆయన ఆరడుగులు, తలపాగా ఇంకో ఆరడుగులు. హీరో మొహం పోయి తెరమీద గోపురమంత నీడ పడేది.

"కూసోన్నా, హీరో కనబళ్లా."

"వాడు ఊదేది అయిపోనీ, కూసుంటా."

"కథ పోతా ఉండాదన్నా."

"పొగలో కథ యాడుండాది? పొగ పోయినాక ఏమన్నా మిగిలితే సూసుకోండి."

తమాషా ఏమిటంటే, సినిమాకు ముందు టాకీసువాళ్లు "పొగ త్రాగరాదు" అని స్లైడు వేసేవాళ్లు. డేరాలో ఎంత పొగ ఉండేదంటే ఆ స్లైడును వెతుక్కుని చదవాలి. కానీ నాయన లోపలికి అడుగు పెట్టగానే బీడీలన్నీ అరచేతుల్లోకి, వీపుల వెనక్కి, బెంచీల కిందికి మాయమైపోయేవి. మా వైపు పద్ధతి అది. తాగడం తప్పు కాదు, పెద్దవాళ్ల ఎదురుగా తాగడం తప్పు. మనవళ్లున్నవాడు కూడా తనకన్నా రెండేళ్లు పెద్దవాడు ఎదురైతే బీడీ దాచేస్తాడు. ఈ పద్ధతిని మీరు కాస్త గుర్తుంచుకోండి. నేను మరిచిపోయినందుకే ఈ కథ పుట్టింది.

ఆ ఏడు మా కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. సినిమాల్లో ధూమపాన దృశ్యాలను నిషేధించాలా, వద్దా? వద్దని నేను గొంతు చించుకున్నాను. బల్ల గుద్దాను. బల్ల విరిగింది. స్టీలు గ్లాసు బహుమతిగా ఇచ్చారు. ఆ గ్లాసు పట్టుకుని ఇంటికొచ్చి ఛాతీ విరుచుకున్నాను.

"నాయనా, తెరమీద కనిపించేది సిగరెట్టు కాదు, కళ. ఈ రోజు కళాకారుడి నోట్లోంచి సిగరెట్టు లాక్కుంటే రేపు చేతిలోంచి కలం లాక్కుంటారు, ఎల్లుండి నాలుకే లాక్కుంటారు."

"కళైతే గోడకు తగిలించు. నోట్లో పెట్టుకునేది యాలా?" అన్నాడు నాయన.

అదే ఎండాకాలం మద్రాసునుంచి సినిమావాళ్లు మా ఊరి పాత రాజమహల్లో షూటింగుకు దిగారు. రౌడీ వేషగాడు మా ఊరి మిరపకాయ ఊరగాయను కూర అనుకుని తిని మంచం పట్టాడు. డైరెక్టరు గుంపులోకి చూశాడు. ఆ గుంపులో నా మీసం ఒక్కటే మనిషికన్నా ముందు నిలబడి ఉంది.

"నీకు సిగరెట్టు అలవాటుందా?" అని అడిగాడు.

"కళకోసం ఏదైనా అలవాటు చేసుకుంటానండీ."

"హాస్టల్లో దినామూ కళే సార్," అన్నాడు పక్కనుంచి చెంగల్రాయుడు.

నేను చేయాల్సింది ఇంతే. స్తంభానికి ఆనుకుని సిగరెట్టు ముట్టించాలి. హీరో రాగానే వాడి మొహాన పొగ ఊది, "ఈ కోటలోకి వచ్చినవాడు తిరిగి పోడు" అనాలి. బాగా చేస్తే తర్వాతి సినిమాకు మద్రాసు పిలిపిస్తానన్నాడు డైరెక్టరు. అప్పటికే నేను మనసులో మద్రాసులో ఇల్లు కట్టి, కారు కొని, ఆ కారు అమ్మేసి ఇంకా పెద్దది కొన్నాను.

మఖ్మల్ కోటు తొడిగారు. ఎండకు లోపల నేను ఇడ్లీలాగా ఉడుకుతున్నాను.

"మీ నాయన సూస్తే?" అన్నాడు చెంగల్రాయుడు.

"పుత్తూరు పోయినాడు, చెనిక్కాయల బేరానికి. అయినా ఈ కోటేసుకున్నాక నేను మణిని గాదురా, పాత్రను. పాత్రకు నాయన ఉండడు."

"పాత్రకు లేడు సరే. నీకుండాడే."

కెమెరా తిరిగింది. స్తంభానికి ఆనుకున్నాను. అగ్గిపుల్ల గీశాను. మొదటి పొగ ఎంత దర్జాగా వదిలానంటే రాజమహల్లోని గబ్బిలాలు కూడా మెచ్చుకున్నాయి. హీరో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కళ్లెర్రజేసి తలెత్తాను. కెమెరా వెనకాల, సరిగ్గా దాని నెత్తిన పెట్టినట్టు, ఒక తలపాగా.

బేరం కుదరక తిరిగొచ్చిన నాయన, సినిమావాళ్లు దిగారని తెలిసి, సిగరెట్టు లేకుండా సినిమా తీయమని నాలుగు మంచిమాటలు చెప్పిపోదామని వచ్చాడట.

ఇక నా చెయ్యి నా మాట వినలేదు. ఇరవై ఏళ్ల అలవాటు దానిది. సిగరెట్టును గబుక్కున వీపు వెనక్కి తీసుకుపోయి, అక్కడా నమ్మకం చాలక కోటు జేబులో కుక్కింది. తల దానంతటదే వంగింది. మీసం కూడా వంగిందని చెంగల్రాయుడు ఇప్పటికీ అంటాడు. ఎదురుగా హీరో నా డైలాగుకోసం చూస్తున్నాడు. నేను డైలాగు చెప్పాను.

"ఏం లేదు నాయనా. ఊరికే నిలబడుకోనుండా."

హీరో వయసు నాకన్నా రెండేళ్లు ఎక్కువ. నాయనా అనిపించుకోవడం ఆయనకు అదే మొదటిసారేమో, బిత్తరపోయాడు.

"ఏందిరా ఎనకాల దాసినావు?" అన్నాడు నాయన కెమెరా వెనకనుంచి.

"ఏం లేదు నాయనా."

"ఏం లేకపోతే నీ నడుములోంచి పొగ యాలా వస్తా ఉండాది?"

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత చెప్పినవాడు తప్పకుండా సిగరెట్టును జేబులో దాచుకున్నవాడే అయివుంటాడు. కోటు రాజుకుంది. నేను ఎగురుతున్నాను. యూనిట్‌వాళ్లు అది నటనేమో అని చూస్తున్నారు. నాయన ఒక్కడే నమ్మలేదు. సినిమావాళ్లకోసం పెట్టిన మజ్జిగ కుండ ఎత్తి నా నెత్తిన బోర్లించాడు. కోటు ఆరింది. కరివేపాకు మాత్రం చెవిలో మిగిలింది.

డైరెక్టరు తల పట్టుకున్నాడు. "ఏమండీ పెద్దాయనా, మీరెవరు మా పనికి అడ్డం రావడానికి? రౌడీ చేతిలో సిగరెట్టు లేకపోతే వాడు రౌడీ అని జనానికి ఎలా తెలుస్తుంది?"

"మా ఊర్లో రౌడీలుండారు, రాండి సూపిస్తా. ఒగని చేతిలోనూ సిగరెట్టు లేదు. తెల్లగుడ్డలేసుకోని మంచినీళ్లు తాగతా కూసోనుంటారు."

"అది కాదండీ. కళాకారుడికి స్వేచ్ఛ ఉండాలి."

"ఉండాల, వద్దన్యానా? అట్లయితే మీ చేతిలోది యాడికి పోయింది స్వామీ?"

అందరం డైరెక్టరు చేతివైపు చూశాం. పొద్దుటినుంచి ఆరకుండా వెలుగుతున్న ఆయన సిగరెట్టు ఎప్పుడు నేలమీద పడిందో, ఎప్పుడు చెప్పు కింద నలిగిందో ఆయనకే తెలియదు.

కోటు ఇంకొకటి లేదు. ఫిల్ము దుబారా చేయడానికి లేదు. డైరెక్టరు కాసేపు ఆలోచించి, "హీరోను చూసి రౌడీ సిగరెట్టు దాచుకున్నాడంటే హీరో గొప్పతనమే. జేబులోంచి పొగ రాకముందువరకు ఉంచేద్దాం" అని తేల్చేశాడు. నన్ను పక్కకు పిలిచి, "నీకు నటన రాదయ్యా. భయం మాత్రం చాలా సహజంగా వచ్చింది" అని సెలవిచ్చాడు. మద్రాసులో నేను కట్టిన ఇల్లు అక్కడికక్కడే కూలింది. కార్లు రెండూ దానికిందే పడ్డాయి.

కొన్నాళ్లకు ఆ సినిమా మా టూరింగ్ టాకీసుకు వచ్చింది. మణి యాక్టు చేసినాడంట అని చుట్టుపక్కల ఊళ్లన్నీ బండ్లు కట్టుకుని వచ్చాయి. నాకు మిగిలింది ఆ ఒక్క సీను. అదీ తలపాగా నీడలో పోతుందేమోనని నా ప్రాణం కొట్టుకుంటోంది.

"నాయనా, ఈ ఒక్క తూరి నిలబడొద్దు."

"హీరోకు లేని సడలింపు కొడుక్కా? రేపు ఊర్లో తల ఎట్లెత్తుకునేది?"

"నువ్వు తల ఎత్తుకుంటే నా తల కనబడదు నాయనా."

ఆయన తలపాగా బిగించుకుని తన బెంచీమీద కూర్చున్నాడు.

నా సీను వచ్చింది. తెరమీద మఖ్మల్ కోటుతో నేను. డేరా అంతా ఈలలు. అగ్గిపుల్ల గీశాను. బెంచీ కిర్రుమంది. తలపాగా నీడ తెర అడుగునుంచి పైకి లేస్తోంది. నా బూట్లు పోయాయి, నడుము పోయింది, ఇక మొహమే మిగిలింది. అంతలో తెరమీది నేను కళ్లెత్తి, సరిగ్గా డేరాలో నాయన నిలబడ్డ దిక్కుకు చూశాను. గుడ్లు తేలేశాను. సిగరెట్టు వీపు వెనక్కి పోయింది. తల వంగింది. మద్రాసులో ఎవడో గొంతు అరువిచ్చి "ఈ కోటలోకి వచ్చినవాడు తిరిగి పోడు" అని గర్జిస్తున్నాడు. నా పెదవులు మాత్రం "ఏం లేదు నాయనా" అంటున్నాయి.



"సినిమాలో ఉండేవాడు గూడా మునిరత్నమన్నను సూసి దాసేసినాడు రా," అన్నాడు వెనకనుంచి ఒకడు.

అంతే. డేరా గుడ్డ చిరిగేటట్టు నవ్వారు. నవ్వుతూనే ఎవరి బీడీ వాళ్లు ఆర్పేశారు. తెరలోకే నాయన చూపు పోతుంటే బెంచీ కిందికి పోదా అని భయం. నాయన చుట్టూ ఒకసారి చూసి, తలపాగా సర్దుకుని కూర్చుని, "సరే, ఇంక కథ నడపండి" అన్నాడు.

సినిమాల్లో పొగ ఉండాలా వద్దా అని పెద్దపెద్దవాళ్లు నేటికీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. చట్టాలెందుకు? ప్రతి కెమెరా వెనకాలా ఆ నటుడి నాయనను నిలబెట్టండి, చాలు.

కాబట్టి, కాలిన కోటు సాక్షిగా, ఒలికిన మజ్జిగ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట కళాస్వేచ్ఛకోసం ఎంతటి పోరాటమైనా చేస్తాను గానీ, ముందు నాయన యాడుండాడో చూసుకున్నాకే చేస్తాను.

ఇది రాసి చెంగల్రాయుడికి చదివి వినిపిస్తే, "అంతా సరే. ఒగ మాట మాత్రం కాణిపాకంలో సెప్పు సూద్దాం" అన్నాడు. ఏ మాటో నాకూ తెలుసు. కోటు నిజమే, మజ్జిగ నిజమే, తెరమీద దాచుకోవడమూ నిజమే. కానీ స్టీలు గ్లాసు పట్టుకుని ఛాతీ విరుచుకుని "అది కళ" అని నేను నాయన ఎదుట అనలేదు. పెరట్లో మా ఎనుముతో అన్నాను.

నాయన జవాబు మాత్రం అక్షరాలా నిజం. ఎనుముకు అవతలి పక్క కూర్చుని పాలు పిండుతున్నాడు.