మడమ వెనక కాయలు

విత్తనంలో చెట్టును మడిచిపెట్టి, ఏ ఆకు ఏనాడు విచ్చుకోవాలో దానికే చెప్పి పంపిన స్వామికి ముందుగా నమస్కారం. తన మహిమను మనిషికి కొంచెం కొంచెంగా చూపుతున్నందుకు మరో నమస్కారం.

రక్తపరీక్షకు ఏటా మా దగ్గరి పట్నం చింతామణిలోని ఆస్పత్రికి వెళతాను. మోచేతి మడతలో స్పిరిటు దూది చల్లగా తగిలి, ఆ ఘాటు ముక్కుకెక్కగానే డాక్టరు సరోజమ్మగారు గుర్తుకొస్తారు. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, నూలు చీర. మా భజనలో శ్రుతి తప్పినా గొంతు తగ్గించేవారు కాదు.

ఆ భజనలో ఒక ఆచారం ఉంది. మంగళహారతి అయ్యాక అందరూ అందరి పాదాలకూ మొక్కాలి. ప్రతి దేహంలోనూ స్వామి ఉన్నాడు కనుక చిన్నా పెద్దా తేడా లేదు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఒక శనివారం సరోజమ్మగారు నా కాళ్ళకు మొక్కడానికి వంగారు. వంగినవారు లేవలేదు. నా మడమల వెనక, నరం మీద గట్టిపడ్డ కాయలను బొటనవేలితో ఒత్తి చూస్తూ ఉండిపోయారు.

"ఇవి ఎప్పట్నుంచి ఉండాయప్పా?"

నేను గర్వంగానే చెప్పాను. మా నాన్నకూ ఇవే కాయలు ఉండేవి. ఆయన ఏటా మా ఊరు దిబ్బూరహళ్ళి నుంచి తిరుమలకు కాలినడకన వెళ్ళేవారు. ఆ నడకకు మెచ్చి స్వామి ఇచ్చిన గుర్తులవని మా ఇంట్లో నమ్మకం. పండగనాడు అమ్మ వాటికి పసుపు రాసి, ఆ చేతులు కళ్ళకద్దుకునేది. నలభై నిండకముందే మల్బరీ తోటలో గుండె పట్టుకుని నాన్న కూలిపోతే, స్వామి తన వాణ్ణి త్వరగా పిలుచుకున్నాడని ఊరంతా అన్నారు. నేను తిరుమలకు ఒక్కసారీ నడవలేదు. అయినా నాకు కాయలు మొలిచినప్పుడు, తండ్రి పుణ్యం కొడుక్కి అందిందని అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

సరోజమ్మగారు అంతా విని, "రేపు పొద్దున ఏమీ తినకుండా ఆస్పత్రికి రా. మీ అన్ననూ పిలుచుకొని రా," అన్నారు.

మా అన్న భారీ మనిషి. నెయ్యి లేనిదే ముద్ద దిగదు. సంతకు వెళితే బోండాల పొట్లం లేకుండా తిరిగి రాడు. నేను ఏకాదశి ఉపవాసాల వాణ్ణి, ఎండు కట్టెలా ఉండేవాణ్ణి. పరీక్షలో అన్న రక్తం శుభ్రంగా ఉంది. నా రక్తంలో కొలెస్టరాల్ ఉండవలసినదానికి రెండింతలు దాటింది.

అన్న పకపకా నవ్వాడు. "మేసేది నేను, కొవ్వు వీని నెత్తురులోనా? ఇదేం న్యాయం డాక్టరమ్మా?"

"నవ్వే మాట కాదప్పా. ఇది తిండితో వచ్చింది కాదు, విత్తులో వచ్చిండాది. నెత్తురులో కొవ్వును లోపలికి తీసుకునేదానికి కాలేయానికి వాకిళ్ళు ఉంటాయి. ఇతనికి సగం మూసుకోనుండాయి. తండ్రి నుంచి ఒక బిడ్డకు వస్తాది, ఇంకో బిడ్డకు రాదు. మడమలో పేరుకున్న ఆ కొవ్వే గుండె నాళాల్లోనూ పేరుకుంటాది. దినమూ మాత్ర మింగితే తగ్గుతాది."

అన్న నవ్వు ఆగిపోయింది. నాన్న పోయిన వయసుకు నేనెంత దగ్గరగా ఉన్నానో ఇద్దరికీ ఒకేసారి తోచింది.

మరునాడు అమ్మ ఆస్పత్రికి వచ్చి గొంతెత్తింది. "దేవుడిచ్చిన గుర్తును రోగమంటాండావే! ఆయప్ప నడిచింది అబద్ధమా?"

సరోజమ్మగారు అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "నడిచింది నిజమే అమ్మా. అట్లాంటి గుండె పెట్టుకొని కొండెక్కినాడంటే అదెంత భక్తో నేను చెప్పలేను. గుర్తు దేవుడిదే. బిడ్డను కాపాడుకోమని పెట్టినాడు. మనం పసుపు రాస్తా కూర్చుంటిమి."

 అమ్మ నా వైపు తిరిగి, "మాత్ర యాడుండాది? నా ఎదురుగానే మింగు," అంది.

ఈ శరీరం ఒక పొలమని సత్సంగంలో ఎన్నోసార్లు విన్నాను, తల ఊపాను. ఆ పొలంలో ఏ విత్తు పడిందో అడగాలని ఎన్నడూ తోచలేదు. ఆ విత్తులో రాసి ఉన్న లెక్కకందనన్ని అక్షరాలలో ఒక్కటి మారితే చాలునట, ఒక కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడికి మరణం ముందే నడిచొస్తుంది. సరోజమ్మగారు ఆ మాట చెప్పినప్పుడు నాకు భయం వేయలేదు. గర్భగుడి తెర తీసిన క్షణంలోలాగా ఒళ్ళు జలదరించింది.

కొన్నేళ్ళకు నా కూతురికీ పరీక్ష చేయించమన్నారు. ఆరేళ్ళ పిల్ల. దానికీ ఇదే వచ్చిందని తేలింది. ఆస్పత్రి వసారాలో కూర్చుని ఏడ్చాను. సరోజమ్మగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏడుస్తావేమప్పా? మీ నాయనకు తెలియనే లేదు. నీకు పెండ్లయి బిడ్డ పుట్టినాక తెలిసె. దీనికి పాలపండ్లు ఊడకముందే తెలిసె. దేవుడు ఒక్కో తరానికి కొంచెం ముందుగా చెప్తాండాడు. వినేది మన పని."

ఆమె ఇప్పుడు లేరు. నాన్న దాటలేని వయసును నేను దాటి చాలా ఏళ్ళయింది. చిన్నప్పటి నుంచి మాత్ర మింగుతున్న నా కూతురు చిక్కబళ్ళాపురంలో కాలేజీ మెట్లన్నీ పరుగున ఎక్కుతుంది. ఆ పరుగు చూసినప్పుడల్లా ఆ వసారాలో విన్న మాట నాలో మళ్ళీ పలుకుతుంది.

మీ ఇంట్లోనూ చిన్న వయసులో గుండె ఆగి పోయినవారు ఉండవచ్చు. వారిని తలచుకుని, నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి. స్వామీ, నీవు ముందుగా చెప్పే మాటను వినే చెవి మాకివ్వు. మా పెద్దలు చేరలేని వయసులకు మా బిడ్డలను చేర్చు.