చిన్నమామ కాచిన నిద్రమందు

రాబర్ట్‌సన్‌పేట బజారులో కొత్తగా ఒక కొట్టు తెరిచారు. అద్దాల తలుపు, లోపల చల్లగాలి, కొర్రలూ అరికెలూ గాజు సీసాల్లో నింపి నగల్లా వరసగా పేర్చారు. మొన్న ఎండకు తాళలేక, కొనే ఉద్దేశం ఏమాత్రం లేకుండా లోపలికి వెళ్ళాను. కొనే ఉద్దేశం లేనప్పుడే నేను బాగా బేరమాడతాను. అక్కడ వేలెడంత గాజుబుడ్డి ఒకటి కంటబడింది. దాని మీద అంచులు పళ్ళుపళ్ళుగా ఉన్న ఆకు బొమ్మ. "ఇది దేనికప్పా?" అని అడిగాను. "నిద్రకమ్మా. వైల్డ్ లెట్యూస్. రెండు చుక్కలు నాలిక కింద ఏసుకుంటే చాలు" అన్నాడు కొట్టాయన. "అంటే ఏమి?" "అడవిలో పెరిగే లెట్యూసమ్మా." "ఏ అడవిలో?" ఆయన బుడ్డిని తిప్పి తిప్పి చూశాడు. అడవి పేరు అచ్చు వేయలేదు. "ఇంపోర్టెడ్" అన్నాడు చివరికి, ఇంక మాట్లాడడానికేమీ లేదన్నట్టు. మూత తీసి వాసన చూపించమంటే సీలు ఉందన్నాడు. బుడ్డిని దాని చోట పెట్టేసి బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ ఆకు బొమ్మ నాకు బాగా తెలుసు. ఆ బొమ్మనే ఫోనులో చూపిస్తూ మా చిన్నమామ, పోయిన వేసవిలో మా అక్కను నిద్రపుచ్చబోయాడు. ఆ నిద్రే గనక పట్టి ఉంటే మా అక్క మళ్ళీ లేచేది కాదు.

చిన్నమామ అంటే మా అమ్మ తమ్ముళ్ళలో ఆఖరివాడు. బేతమంగళలో బస్సులు ఆగేచోట ఆయనకు పెద్ద కిరాణా కొట్టుండేది. మిరియాలు, ధనియాలు, ఆవాలు, చింతపండు గోనెల లెక్కన వచ్చేవి, వీశెల లెక్కన పోయేవి. ఆ రోజుల్లో ఆయన జీలకర్రను వాసన చూసి అది కొత్త పంటదో పాతదో చెప్పేవాడు, అదీ జలుబు చేసిన ముక్కుతో. అంతవరకు గొప్పవాడే, నేను కాదనను. కొడుకు పెద్దవాడై గల్లాపెట్టె దగ్గరి నుంచి ఆయన్ని మర్యాదగా లేపేశాక, ఏడిచే పిల్లకు పాలపీక ఇచ్చినట్టు చేతికొక ఫోను ఇచ్చారు. అప్పటి నుంచి మొదలైంది మా వంశానికి వైద్యం. ఆ ఫోనులో గుబురుగడ్డంతో ఒకాయన పొదల మధ్య కూర్చుని చెప్పిందల్లా మా మామకు వేదం. జీవితమంతా ఎదుటివాడి మాట నమ్మకుండా బతికిన మనిషి. తూకం రాయిని కూడా వేరే రాయితో తూచి చూసుకునేవాడు. అలాంటివాడు ముక్కూ మొహం తెలియని గడ్డాన్ని మాత్రం బేరం లేకుండా నమ్మేశాడు.

ఇక్కడ మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మాది తరతరాలుగా కొట్ల మీద బతికిన కుటుంబం. మాకు సరుకు గోనెసంచిలో తెలుసు గానీ నేల మీద తెలియదు. ఎండి, విరిగి, దుమ్ముపట్టి కాటా దగ్గరికి వస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాం. అదే వస్తువు పచ్చగా, వేరుతో సహా ఎదురుగా నిలబడితే పరాయి ఊరివాణ్ణి చూసినట్టు చూస్తాం. నా సంగతే చూడండి. కొత్తిమీరే పెరిగి ధనియాలు కాస్తుందని నాకు పెళ్ళయ్యాక అత్తగారింట్లో తెలిసింది. అప్పటిదాకా ధనియాలకు వేరే చెట్టుంటుందని, అది మనిషంత ఎత్తుంటుందని అనుకునేదాన్ని. మా అత్తగారు నవ్వి ఊరుకోలేదు, వీధంతా చెప్పారు.

అక్క ఊరిగాంలో పాత బంగారు గనుల కంపెనీ ఇంట్లో ఉంటుంది. బావ పోయినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. గుండెకీ రక్తపోటుకీ డాక్టరు మాత్రలిచ్చాడు. నిద్ర సంగతి అడిగితే మధ్యాహ్నం దాటాక కాఫీ మానమన్నాడు, సాయంత్రం నడవమన్నాడు. అక్కకు ఆ డాక్టరు మీద అక్కడితో గౌరవం పోయింది. "అంత చదువు చదివినోడు కాఫీ మానమని చెప్పేదానికా? అది మా పనిమనిషి కూడా చెప్తాది" అంది. సరిగ్గా అలాంటి సమయంలో చిన్నమామ ఫోను పట్టుకుని దిగాడు. "కాఫీ నువ్వు మానాల్సిన పనే లేదు పెద్దమ్మాయ్. ఈ ఆకు కాచి తాగితే కుంభకర్ణుడి నిద్ర" అన్నాడు. కాఫీ మానమన్నవాడు ఒకవైపు, కాఫీ తాగమన్నవాడు మరోవైపు. మా అక్క ఎవరివైపు మొగ్గుతుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కరలేదు.

వీడియోలో ఆ మొక్క గుర్తులు వివరంగానే చెప్పారు. ఆకు తిరగేస్తే మధ్య ఈనె మీద ఒక్క వరసలో ముళ్ళుంటాయట. కాడ విరిస్తే తెల్లటి పాలు కారతాయట, ఆరితే గోధుమరంగు బంక అవుతాయట. పసుప్పచ్చని చిన్న పూలట. మామ ముందు కోరమండల్ గని దగ్గర సైనైడ్ దిబ్బల పక్కన వెతుకుదామన్నాడు. గనుల్లోంచి తీసిన రాతిని పొడిచేసి బంగారం పిండుకుని పారబోసిన మన్ను అది, గాలి తోలితే కళ్ళు మండుతాయి. వద్దంటే, "మినరల్స్ ఉంటాయి కదమ్మా" అన్నాడు. నేను అరిచాక బేతమంగళ చెరువు అవతల బీళ్ళకు ఒప్పుకున్నాడు. నేనెందుకు వెంట వెళ్ళానంటే, ఊరకే వచ్చే సరుకు దగ్గర మా వాళ్ళెవరూ ఇంట్లో కూర్చోలేరు. అది జబ్బు, దానికి ఇంకా ఎవరూ వీడియో పెట్టలేదు.

బీట్లో ఒకచోట మోకాలెత్తు మొక్కలు గుంపుగా కనిపించాయి. పూలు పసుప్పచ్చగా ఉన్నాయి. ఆకులు పళ్ళుపళ్ళుగా ఉన్నాయి. మామ ఫోనునూ మొక్కనూ పక్కపక్కన పెట్టి, సంబంధం కుదిరిన పెళ్ళిళ్ళ పేరయ్యలా తలాడించాడు. "దీనికి అంతా ముళ్ళే ఉండాయి మామా. ఆయన ఒక వరసే కదా చెప్పినాడు?" అన్నాను. "అది వాళ్ళ నేల. మనది కోలారు నేల, బలం ఎక్కువ" అన్నాడు. కాడ విరిచాడు. పాలు తెల్లగా రాలేదు, పసుపు కలిపినట్టు పచ్చగా వచ్చాయి. నేను ఆయన మొహం చూశాను. ఆయన క్షణం కూడా తడుముకోలేదు. "బర్రెపాలు తెల్లగా ఉంటాయి, ఆవుపాలు పచ్చగా ఉంటాయి. ఏది మంచిది? నువ్వే చెప్పు" అన్నాడు. అవతల ఆవులు గడ్డి మేస్తూ ఈ మొక్కల చుట్టూ తిరిగి పోతున్నాయి గానీ ఒక్కటీ మూతి పెట్టలేదు. అది కూడా చూపించాను. "వాటికి నిద్ర బాగా పడతాది. వాటికెందుకు మందు?" అన్నాడు. మా నాన్న అనేవాడు, సరుకు కంటే సాకులు ఎక్కువైతే సంచి మూతి కట్టెయ్యమని. ఆ మాట గుర్తుండీ నేను చేతులకు గుడ్డ చుట్టుకుని, ముళ్ళకాయలతో సహా కోశాను. ఎవరి తెలివిని తక్కువచేయాలన్నా ముందు నా తెలివినే కాటాలో పెట్టాలి.

తర్వాత రోజులన్నీ అక్క ఇంటి వరండాలో గడిచాయి. పాత చీరలు పరిచి, నీడన ఆకు ఆరబెట్టాం. మామ పొద్దున్నే బస్సు దిగేవాడు, టిఫిను తినేవాడు, ఆకు తిరగేసేవాడు, భోంచేసేవాడు, మళ్ళీ తిరగేసేవాడు. ఎండేకొద్దీ ఆయన ధైర్యం పెరిగింది, ఎండినదంటే మాకు పుట్టిల్లు కదా. పిడికెడు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని "ఆహా, టాప్ క్వాలిటీ" అనేవాడు. దేంట్లో టాపో, దేనితో పోలిస్తే టాపో అడగకూడదు. అక్క మాత్రం ఆ రోజుల్లో చురుగ్గా ఉంది. మా ఇద్దరికీ వండి పెట్టేది, మామ గడ్డం గురువును వెక్కిరించేది, నేను తప్పుగా నరికానని కాడలు లాక్కునేది. చివరికి మామ ఆ ఆకును సన్నసెగ మీద కాచాడు. నీళ్ళు ఇంకాక గుడ్డలో వడకట్టి, మళ్ళీ కాస్తే చెంబు అడుగున నల్లటి కషాయం మిగిలింది. బెల్లప్పాకానికి పుట్టిన దుష్టసంతానంలా ఉంది. గురువారం సాయంత్రం దీపం పెట్టగానే మొదటి మోతాదు అని ముహూర్తం పెట్టాడు. "ఇంగ్లీషు మాత్రలు రెండుపూటల ముందే ఆపెయ్యాల పెద్దమ్మాయ్. రెండూ కలిస్తే పని చెయ్యదు" అని కూడా సెలవిచ్చాడు. అక్క ఆపేసింది. ఆ సంగతి నాకు గురువారం మధ్యాహ్నం దాకా చెప్పలేదు. మందు మీద నాకు నమ్మకం లేదు, కానీ హాని చేస్తుందని కూడా అనుకోలేదు. గుండె మాత్రలు మానేసిన మనిషిని చూశాక మాత్రం, ఇది సరదా బేరం కాదని తెలిసొచ్చింది.

ఆ మాట విని ఏం చేయాలో తోచక, చేతికేదో పని కావాలని వరండాలో చీరలు దులిపి మడతపెట్టసాగాను. ఒక చీర మడతలో గింజలు దొర్లాయి. చిన్నవి, నల్లవి, గుండ్రటివి. వంటింటి ఆవాలు ఇక్కడికెలా వచ్చాయనుకుంటూ, అలవాటు చొప్పున చిటికెడు తీసి బొటనవేలితో రుద్దాను. ఆవాలు నున్నగా జారతాయి. ఇవి గరగరమన్నాయి. గోటితో నొక్కాను. ఆవగింజ లోపల పచ్చగా ఉంటుంది. ఇది తెల్లగా ఉంది. వీటిని చిన్నప్పుడు చాలాసార్లు చూశాను, మా నాన్న ఆవాల గోనె విప్పగానే కల్తీ ఉందేమోనని మొదట వెతికేది వీటినే. చీర మీదే మిగిలిన ముళ్ళకాయ ఒకటి తీసి చిదిపాను. అందులోంచి అవే గింజలు బొలబొలా రాలాయి.

మామ హాల్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు, పక్కన బల్ల మీద చెంబు ఉంది. అవి ఎక్కడివో చెప్పకుండా, "మామా, చెయ్యి పట్టు" అని గింజలు అరచేతిలో పోశాను. ఆయన కాఫీ పక్కన పెట్టాడు. కళ్ళు కూడా కిందికి దించలేదు. రుద్దాడు, నొక్కాడు, మొహం చిట్లించాడు.

"ఎవుడమ్మా నీకు ఈ ఆవాలు అంటగట్టినోడు?"

"ఏమి, బాగలేవా?"

"బాగుండేది యాడిది! ఒక్కటీ ఆవగింజ కాదు, అన్నీ బలురక్కసి గింజలే. దీని నూనె కడుపులోకి పోతే కాళ్ళు వాస్తాయి, ఊపిరి ఆడదు, గుండె ఆగిపోతాది. నా కొట్లో ఇట్లాంటిది తెచ్చినోణ్ణి గోనెతో సహా రోడ్డు మీదికి తోసినాను. తిరిగి ఇచ్చెయ్ పో, మొహాన కొట్టి రా!"

"ఎవురి మొహాన కొట్టాల మామా? నీ చెట్టు కాయలే ఇవి."

మిగిలిన కాయలు తెచ్చి ఆయన ముందే చిదిపాను. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇప్పుడైనా మనిషిలా ఒక మాట మాట్లాడతాడనుకున్నాను. కానీ కొట్టుమనిషి చచ్చినా సరుకు చెడ్డదని ఒప్పుకోడు.

"గింజ చెడ్డదైతే ఆకు మంచిది కాకూడదా? తండ్రి తాగుబోతైతే కొడుకు తాగుతాడా?" అన్నాడు.

"సరే. మన కొట్లో బెల్లం అమ్మేటప్పుడు ముందు ఎవురు నోట్లో ఏసుకుంటారు మామా?"

"అమ్మేవాడు" అన్నాడు, ఆలోచించకుండానే. ఆ వెంటనే చెంబు వైపు చూశాడు.

"తాగు మరి."

ఆయన తాగలేదు. చెంబు మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి అదిమిపెట్టాడు. తర్వాత గడ్డం గురువు సరిగా చెప్పలేదని, ఫోను తెర పాతదై రంగులు తేడాగా చూపిస్తోందని, అసలు నేనే వేరే మొక్కలు కోశానేమోనని ఒకదాని వెంట ఒకటి వదిలాడు. ఒక్క సాకు కూడా నిలబడలేదు. గొడుగు తీసుకుని బేతమంగళ బస్సుకు పోయాడు. క్షమించమని అడగలేదు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులకు ఏదో వేరు కనిపెట్టాడని విన్నాను. ఊళ్ళో మోకాళ్ళన్నీ జాగ్రత్తగా ఉండాలి.

పెరట్లో గొయ్యి తీసి కషాయం, ఆకు, గింజలు అన్నీ పూడ్చాను, పశువులు కెలక్కుండా పైన రాళ్ళు పెట్టాను. అక్కను అప్పటికప్పుడే ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఆయన తిట్లు ఇద్దరం సమానంగా పంచుకుని, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించాను. తిరిగొచ్చాక నాకు కోపం తగ్గలేదు. "అంత పచ్చగా పాలు కారే దాన్ని ఎట్ల తాగుదామనుకున్నావక్కా? నీ బుద్ధి యాడ పోయింది?" అని కేకలేశాను.

అక్క వరండా ఊడుస్తోంది. చీరలు పరిచిన చోట సిమెంటు మీద ఆకు మరకలు చదరాలుగా మిగిలాయి. చీపురు ఆపకుండానే అంది: "నాకు దానిమీద నమ్మకమేం లేదు. దినమూ పొద్దున్నే మీరిద్దరూ వస్తా ఉంటిరి, కొట్లాడుకుంటా ఉంటిరి. వద్దంటే రారు కదా. ఇంగ రేపటి నుంచి ఎవురూ రారు."

ఎదుటివాడి మాటలో తరుగెంతో కనిపెట్టేస్తానని మురిసిపోయేదాన్ని. సొంత అక్క విషం తాగడానికైనా ఎందుకు సిద్ధపడిందో ఆ వరండాలో పక్కనే కూర్చుని కూడా కనిపెట్టలేదు. మర్నాడు వెళ్ళాను. ఆ తర్వాత కూడా వెళుతూనే ఉన్నాను. సాయంత్రం ఊరిగాం చర్చి దాకా నడుస్తాం, డాక్టరు చెప్పాడని కాదు, ఆమెకు నడకలో నన్ను తిట్టడం సులువు కనక. నిద్ర ఒకరోజు పడుతుంది, ఒకరోజు పట్టదు. అన్ని సరుకులూ ధర పెరిగేదాకా దాచుకోవచ్చునని మా ఇళ్ళలో నేర్పించారు గానీ, సాయంత్రాలు మాత్రం ఏ గోనెలోనూ నిలవ ఉండవని, ఏ రోజుది ఆ రోజే ఇచ్చేయాలని, ఇంత వయసొచ్చాక నాకు తెలిసింది.